ఎడమ పేజీలో పూలు, కుడి పేజీలో వేర్లు

కొత్తగా బాటనీ లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, తోట చూసి, "మేడం, ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పండి" అంటారు. నేను ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పాను. రిటైరై తొమ్మిదేళ్ళయింది. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళ సంగతులు చెప్పడానికి వేరేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒక్క పువ్వు గురించి రాస్తాను. నాలుగు మాటల కంటే ఎక్కువే అవుతుంది.

ఈ ఏడాది మార్చి తొమ్మిదిన, కరీంనగర్‌లో మా ఇంటి ప్రహరీ పక్క మడిలో మొదటి కాడ లేచింది. ఇరవయ్యో తేదీకి పద్నాలుగయ్యాయి. ఇది గుట్టల మీద పూసే నేల ఆర్కిడ్. పుస్తకంలో యులోఫియా జాతి అని ఉంటుంది. ఊళ్ళలో పెద్దగా పేరు లేదు, గుట్టపువ్వు అనేవాళ్ళు. చలికాలమంతా ఆ మడి ఖాళీగా కనిపిస్తుంది. మా పనిమనిషి రెండుసార్లు అందులో చెత్త పోయబోయింది. మోదుగలు పూసి రాలే రోజుల్లో, నీళ్ళు లేక నెర్రెలిచ్చిన మట్టిని చీల్చుకుని, ఒక్క ఆకు కూడా లేకుండా మోకాలెత్తు కాడ వస్తుంది. దానికి పది పన్నెండు పూలు. లేత ఆకుపచ్చ రేకులు, మధ్యలో ఊదా గీతలున్న, పెదవి లాంటి తెల్లటి రేకు. ఆకులు వానలు పడ్డాకే. గడ్డలు నా మడిలోకి వచ్చాక ఇది నాలుగో వసంతం. మొదట మూడు కాడలు, తర్వాత ఏడు, తర్వాత పదకొండు, ఇప్పుడు పద్నాలుగు.

మార్చి పదహారున ఒక పర్యావరణ సంఘం వాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. గుట్టల మీద కనుమరుగైన మొక్కను ఇంటి తోటలో కాపాడిన టీచరమ్మ అన్నారు. ముప్పయ్యో తేదీన సన్మానం పెడతామన్నారు. నేను కాదనలేదు. సంతోషపడ్డాను కూడా. ఆ సంగతి దాచితే మిగతాది రాయడంలో అర్థం లేదు.

ఆ పువ్వును నేను కాపాడలేదు. ఒక గుట్ట మీద అది లేకుండా చేసింది నేను. లెక్క నా చేతిరాతలోనే ఉంది.

గుట్ట

నా సర్వీసులో ఇరవయ్యో ఏట గోదావరి అవతల, మందమర్రి వైపు ఒక చిన్న కాలేజీకి వేశారు. అక్కడ తొమ్మిది వసంతాలు ఉన్నాను. పిల్లల్లో ఎక్కువమంది బొగ్గుగని కార్మికుల ఇళ్ళ వాళ్ళు. కాలేజీ వెనక మైలున్నర దూరంలో గుట్ట. పెద్దదేమీ కాదు, పైకెక్కి దిగడానికి గంట చాలు. ప్రతి ఏడూ మార్చి మొదటి శనివారం క్లాసును అక్కడికి తీసుకుపోయేదాన్ని. ఆదివారం నాకు చర్చి.

నాకు చిన్నప్పటి నుంచి లెక్కపెట్టే అలవాటు. మా చర్చి మెట్లు పదిహేడు. ఇంటి నుంచి బస్టాండుకు నాలుగు వందల పన్నెండు అడుగులు. మొదటి ఏడు ఆ గుట్ట మీద పూలు చూసి నిలబడిపోయాను. పిల్లలు కబుర్లు చెప్పుకుంటుంటే నేను కాడలు లెక్కపెట్టాను. నూట నలభై మూడు. వచ్చి రిజిస్టర్‌లో ఎడమ పేజీలో రాశాను. ఆ తర్వాత ఏ ఏడూ తప్పలేదు. కుడి పేజీలో పిల్లలు తెచ్చిన హెర్బేరియం షీట్ల లెక్క ఉండేది. హెర్బేరియం అంటే మీకు తెలుసు, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: మొక్కను పాత పేపర్ల మధ్య అదిమి, ఎండబెట్టి, మందపు కాగితం మీద అంటించి, పేరూ తేదీ రాసిన షీటు. ఒక్కో విద్యార్థి నలభై షీట్లు ఇవ్వాలి.

నేను నేర్చుకున్న చోట

నా మొదటి కాలేజీలో మా హెడ్డుగారిని పెద్దసారు అనేవాళ్ళం. ఆయన దగ్గర నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. లేబుల్ మీద తేదీ లేకపోతే షీటు విసిరి కొట్టేవాడు. పేపర్లు రోజూ మార్చకపోతే మొక్కకు బూజు పడుతుందని, మార్చామా లేదా అని మధ్యాహ్నం వచ్చి వాసన చూసేవాడు. అది మంచి బుద్ధే. మీరూ అలాగే చేయండి.

ఆయన ఇంకొకటి కూడా నేర్పాడు. "వేరు లేని షీటు, తల లేని మనిషి ఫొటో రెండూ ఒకటేనమ్మా" అనేవాడు. నేను దాన్ని బైబిల్ వాక్యం లాగా పట్టుకున్నాను. గడ్డికి, చిన్న చిన్న మొక్కలకు వేరు చూడకుండా పేరు చెప్పలేం, నిజమే. కానీ ఒకే మొక్కను ముప్పై మంది తెచ్చేచోట డిపార్ట్‌మెంట్‌లో వేరుతో ఒక్క షీటు ఉంటే చాలు. మిగతా ఇరవై తొమ్మిది మంది దాన్ని చూసి బొమ్మ గీసుకోవచ్చు. ఇంత చిన్న మాట పెద్దసారుకు తోచలేదు. పన్నెండేళ్ళలో ఆయన ఫీల్డుకు రావడం నేను చూడలేదు, ఇక ఎలా తోస్తుంది. నేను ప్రతి ఏడూ ఫీల్డుకు పోయాను. నాకూ తోచలేదు. కాబట్టి తప్పు ఆయన మీద పెట్టి నేను తప్పుకోలేను.

రెండు మార్కులు

సిలబస్‌లో లేని రూల్ ఒకటి నేను సొంతంగా పెట్టాను. పిల్లలు రోడ్డు పక్క వయ్యారిభామ, ఉమ్మెత్త తెచ్చి నలభై నింపేస్తున్నారని కోపం వచ్చింది. పది అరుదైన మొక్కల జాబితా రాసి లాబ్ గోడకు అంటించాను. అందులో ఏది తెచ్చినా హెర్బేరియంలో రెండు మార్కులు అదనం, వేరుతో సహా తెస్తేనే. జాబితాలో మొదటిది గుట్టపువ్వు.

అరుదు అని నేనే రాశాను. పీక్కు రమ్మని నేనే చెప్పాను. ఈ రెండు మాటలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నదాన్ని. కుర్రతనం అనడానికి కూడా వీల్లేదు.

ఆ గడ్డ లావుగా ఉంటుంది, అదిమితే అణగదు. అందుకని బ్లేడుతో పక్కకు కోసి, ఒక పలుచటి ముక్క కాడకు ఉంచి, మిగతాది పారేయించేదాన్ని. లాబ్ వెనక ఒక గుంత ఉండేది. ముక్కలు లాబ్ మూల పోగుపడేవి, పరీక్ష రోజు సాయంత్రం అటెండర్ శంకరయ్య బుట్టతో తీసుకుపోయి అందులో పోసేవాడు.

ఒక ఏడు గుట్ట మీద మేకలు కాసే ముసలాయన మమ్మల్ని ఆపాడు.

"ఏం పంతులమ్మా, మల్లొచ్చిన్రా మీ మందను తోలుకోని?"

"మందేమిటయ్యా, పిల్లలు."

"పిల్లలే. మా మేకలు నయం గద. పైపైన కొరికి పోతయి. మీయి ఏర్లతోని సహా మేస్తున్నయి."

పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. చదువు లేని మనిషి మాటగా చెప్పి స్టాఫ్ రూములో ఇంకోసారి నవ్వించాను. అది నాలుగో ఏడు. ఆ శనివారం ఎడమ పేజీలో డెబ్బై ఏడు రాశాను.

వేరు లేని షీటు

ఏడో ఏడు గుట్ట మీద తొమ్మిది కాడలే ఉన్నాయి. ఎనిమిది షీట్లు వేర్లతో వచ్చాయి. తొమ్మిదోది స్వరూప తెచ్చింది.

స్వరూపకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. బక్కపలచటి పిల్ల. నాన్నను బాపు అనేది, ఆయన బొగ్గుబావిలో పనిచేసేవాడు. క్లాసులో వెనక బెంచీలో కూర్చునేది కానీ ఆకు చూపిస్తే పేరు చెప్పేది. ఆమె షీటులో కాడా పూలూ ఉన్నాయి, గడ్డ లేదు. గడ్డ ఉండాల్సిన చోట పెన్సిలుతో బొమ్మ. మట్టి పక్కకు జరిపి, గడ్డను చూసి, కొలిచి గీసి, మళ్ళీ మట్టి కప్పి వచ్చిందట. మంచి బొమ్మ. అప్పుడే నాకు మంచి బొమ్మ అని తెలుసు.

"వేరేది?" అన్నాను.

"గుట్ట మీద ఉంచిన మేడం. గడ్డ తీస్తే మల్ల పుయ్యది గద."

"నలభై షీట్లూ వేరుతో ఉండాలని జూన్‌లోనే చెప్పానా లేదా?"

"చెప్పిన్రు మేడం. కని అక్కడ గదొక్కటే మిగిలింది. మిగతాయన్ని వీళ్ళు తీసిన్రు."

"అంటే నువ్వు నాకు బాటనీ నేర్పుతున్నావన్నమాట."

ఆమె తల వంచుకుంది. క్లాసు నవ్వింది. నేను ఎర్ర సిరాతో షీటు మీద "వేరు లేదు" అని రాసి, కింద సున్నా పెట్టాను. ఆ ఒక్క షీటుకు కాదు, మొత్తం హెర్బేరియానికి. మిగతా ముప్పై తొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయి. రూల్ అంటే ఏమిటో తెలియాలి అనుకున్నాను.

అదే రోజు ప్రాక్టికల్ పరీక్ష. ఆమె కోసిన కాండం ముక్క చిట్లింది. ఆమె మార్కులు నాకు నోటికి వచ్చు. ప్రయోగాలకు పదకొండు, రికార్డుకు నాలుగు, వైవాకు రెండు, హెర్బేరియానికి సున్నా. మొత్తం పదిహేడు. పాస్ కావడానికి పద్దెనిమిది. వైవాలో ఆమె చెప్పిన జవాబులకు ఐదు రావాలి. మిగతా మూడు నా కోపం మింగింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ లెక్క చూసి, "ఒక్క మార్కే మేడం, కలుపుదామా?" అన్నాడు.

"రూల్ రూలే సార్" అన్నాను. అన్నప్పుడు నాకు గర్వంగా కూడా ఉంది.

స్వరూప మళ్ళీ పరీక్షకు రాలేదు. ఎందుకు రాలేదని నేను ఎవరినీ అడగలేదు.

ఎనిమిదో ఏడు గుట్ట మీద ఒక్క కాడ కనిపించింది. ఎడమ పేజీలో ఒకటి అని రాశాను. నెల తిరిగేసరికి ఆ ఒక్కటీ వేరుతో సహా షీటు మీద వచ్చింది. కుడి పేజీలో ఒకటి రాశాను. తెచ్చిన విద్యార్థికి పదికి పది, పైన రెండు. ఆ షీటును క్లాసులో ఎత్తి చూపించి చప్పట్లు కొట్టించాను. తొమ్మిదో ఏడు ఎడమ సున్నా, కుడి సున్నా. ఆ జూన్‌లో నాకు బదిలీ అయింది.

శంకరయ్య చెప్పింది

నాలుగేళ్ళ కిందట, మొదటి వానలకు శంకరయ్య ఒక గోనెసంచి ముక్కలో ఆరు గడ్డలు చుట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అప్పటికి ఆయనా రిటైరయ్యాడు.

"పెట్టుకోండ్రి మేడం. మీ పువ్వే."

"ఎక్కడివి శంకరయ్యా?"

"మన లాబ్ ఎనుక గుంతలయి."

అంతకు మించి నేను అడగలేదు. గుంతలో మొలకెత్తితే ఇంటికి తీసుకుపోయి పెంచి ఉంటాడనుకున్నాను. ఇంత శ్రద్ధ ఉందా ఈయనకు అని ఆశ్చర్యపడి, ఒక శాలువా కొనిచ్చాను. నాకు లెక్కపెట్టడమే తెలుసు, అడగడం తెలియదు.

ఈ మార్చి పద్దెనిమిదిన కండ్లు చూపించుకోవడానికి కరీంనగర్ వచ్చి, భోజనానికి మా ఇంటికి వచ్చాడు. సన్మానం సంగతి చెప్పాను.

"ఆ రోజు నువ్వు కూడా వేదిక మీదకు రావాలి. గడ్డలు దాచింది నువ్వే కదా" అన్నాను.

చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నన్ను చూశాడు. "నేనా? నేనేడ దాసిన మేడం? నాకు గా గడ్డేందో గీ గడ్డేందో ఎరుకనా? గుంతల పారబోసుడు నా పని."

"మరి గుంతలోవి అన్నావు?"

"గుంతలయే. ఏరుకున్నది స్వరూప."

"ఏ స్వరూప?"

ఈ ప్రశ్న ఎందుకు వేశానో నాకు తెలియదు. ఎవరో నాకు తెలుసు.

"మీరు ఫెయిల్ జేసిన పిల్ల" అన్నాడు, పప్పు వడ్డించుకుంటూ. "గా దినం నేను బుట్ట వట్టుకోని పోతుంటె ఎంబడొచ్చింది. జర ఆగే అన్నా, పారబోయకు అన్నది. ఎనిమిది గడ్డలు టిఫిన్ డబ్బల ఏస్కున్నది. ఏడ్సుకుంటనే ఏరింది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"అడిగిన్రా మీరు? అయినా అప్పుడు చెప్తె ఏం జేస్తుంటిరి? డబ్బ గుంజుకుంటుంటిరి." నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు.

మిగతాది మెల్లగా చెప్పాడు. ఎనిమిదింట్లో ఐదు బతికాయి. వాళ్ళ క్వార్టర్ వెనక, బట్టలుతికే బండ పక్కన పెట్టింది. పన్నెండేళ్ళు అక్కడే పూశాయి. బాపు రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాల్సి వస్తే గడ్డలన్నీ తవ్వి, కొత్త ఇంటికి కొన్ని తీసుకుపోయి, ఆరు శంకరయ్యకు ఇచ్చింది.

"నాకెందుకు పంపింది?" అన్నాను.

"నేనూ గదే అడిగిన. గామెకేందుకే పిల్లా, నిన్ను గంత గోస పెట్టినామెకు అన్న. లేదన్నా, మేడంకే ఇయ్యి, నా పేరు చెప్పకు అన్నది. గామెకు లెక్క పెట్టుడు అలవాటు, ఏటేట ఎన్ని పూసినయో రాసి పెడ్తది, ఇంకెవలు రాస్తరు అన్నది."

రెండు పేజీలు

శంకరయ్య పోయాక రిజిస్టర్ తీశాను. పద్నాలుగేళ్ళుగా అలమారలో ఉంది. రాయడమే గానీ, ఎడమ పేజీ నుంచి కుడి పేజీకి అడ్డంగా చదివింది ఆ సాయంత్రమే మొదటిసారి. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

మొదటి ఏడు కాడలు నూట నలభై మూడు, షీట్లు పంతొమ్మిది. రెండో ఏడు నూట ముప్పై ఒకటి, ఇరవై నాలుగు. మూడో ఏడు నూట నాలుగు, ఇరవై ఆరు. నాలుగో ఏడు డెబ్బై ఏడు, ఇరవై ఎనిమిది. ఐదో ఏడు యాభై ఒకటి, ఇరవై రెండు. ఆరో ఏడు ముప్పై, పదమూడు. ఏడో ఏడు తొమ్మిది, ఎనిమిది. ఎనిమిదో ఏడు ఒకటి, ఒకటి. తొమ్మిదో ఏడు సున్నా, సున్నా.

వేర్లతో వచ్చిన షీట్లు మొత్తం నూట నలభై ఒకటి. షీటు పాడైతే పనికొస్తుందని పిల్లలు ఒకటికి రెండు పీకేవాళ్ళు, అది నాకు తెలుసు. ఆ రెండోది ఏ పేజీలోనూ లేదు.

ఎడమ పేజీ చివర రిమార్కుల గడి ఉంది. మూడో ఏడు నుంచి తొమ్మిదో ఏడు దాకా, ఏడుసార్లు, ఒకే మాట రాశాను: వర్షాభావం. ఐదో ఏడు గోదావరి పొంగి మా కాలేజీకి నాలుగు రోజులు సెలవిచ్చారు. ఆ ఏడు కూడా వర్షాభావమే.

తెలియక చేశానని ఎవరైనా అనొచ్చు. నేను అనలేను. తెలుసుకోవడానికి కావాల్సిందంతా నా దగ్గర ఉంది, నా చేత్తోనే రాసి ఉంది. మేకల ముసలాయన చెప్పాడు. పంతొమ్మిదేళ్ళ పిల్ల చెప్పింది. నా పేజీలు చెప్పాయి. ముగ్గురి మాటా వినలేదు. ఎనిమిదో ఏట లేచిన ఆ ఒక్క కాడ, స్వరూప మట్టి కప్పి వచ్చిన గడ్డదే. ఆమె చెప్పింది నిజమని గుట్టే లేచి చూపించింది. నేను దాన్ని కూడా పీకించి చప్పట్లు కొట్టించాను.

అవి ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు. చర్చిలో అందరం కలిసి పాపాల ఒప్పుకోలు ప్రార్థన చెప్పుకుంటాం. అందులో "మేము" అని ఉంటుంది. అందరితో కలిసి అనడం సులువు. మరునాడు పర్యావరణ సంఘం వాళ్ళకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను, సన్మానం వద్దన్నాను. "పాత సంగతి మేడం, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"రిజిస్టర్‌కు తెలుసు" అన్నాను. అదీ గొప్పగానే వినిపించింది నాకు. ఫోన్ పెట్టేసి సిగ్గుపడ్డాను. చెప్పాల్సింది వీళ్ళకు కాదు.

మందమర్రి బస్సు

మార్చి ఇరవై రెండున రిజిస్టర్ సంచిలో పెట్టుకుని మందమర్రి బస్సెక్కాను. స్వరూప అక్కడికి దగ్గరి ఊళ్ళో పంచాయతీ నర్సరీలో పనిచేస్తుందని శంకరయ్య చెప్పాడు. తడికల నీడలో ఐదారుగురు ఆడవాళ్ళు నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపుతున్నారు. ఒకామె నూరు సంచులకొకసారి సుద్దముక్కతో బండ మీద గీత పెడుతోంది. వెంట్రుకలు కొంచెం నెరిశాయి. అదే బక్కపలచటి మనిషి.

నన్ను చూసి లేచింది. "మేడం? గిట్లొచ్చిన్రేంది?"

బకెట్ బోర్లించి కూర్చోమంది. పక్కామె అడిగింది: "ఎవరే స్వరూపా, మీ అత్తనా?"

"అత్త గాదు. నన్ను ఫెయిల్ జేసిన మేడం."

దాచుకోకుండా, దెప్పకుండా, ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది.

"గీమెనా!" అంది పక్కామె. "మంచిగ జేసిన్రు మేడం. పాసైతే మాకు గీ పిల్ల యాడ దొర్కుతుండె? ఏ మొక్కకు ఎన్ని నీళ్ళో గీమెనే చెప్తది." అందరూ నవ్వారు. నేను కూర్చున్న బకెట్ కదిలింది.

బస్సులో మూడు గంటలు మాటలు కూర్చుకున్నాను. వాటిని వదిలేశాను. "మళ్ళీ ఎందుకు రాయలేదమ్మా పరీక్ష?" అని అడిగాను. పదహారేళ్ళ కింద అడగాల్సింది.

"రాద్దామనే అనుకున్న. కని రాయాల్నంటె మల్ల గదే లాబ్‌కు రావాలె గద మేడం."

చెప్పాను: "నువ్వు మట్టి కప్పి వచ్చిన గడ్డ, మరుసటి ఏడు పూసింది."

చేతిలో సంచి కింద పెట్టేసింది. "పూసిందా మేడం?" మొహమంతా విప్పారింది. పక్కామె వైపు తిరిగి, "చెప్పలే నేను? పూస్తదని చెప్పలే?" అంది. మళ్ళీ నా వైపు తిరిగి, "ఎన్ని పూలు మేడం? మంచిగుండెనా? తర్వాత?" అంది.

ఆ "తర్వాత"కు జవాబు నా సంచిలో ఉంది. రిజిస్టర్ తెరిచి, ఎనిమిదో వరుస మీద వేలు పెట్టి, ఆమె చేతికిచ్చాను. ఎడమ చూసింది. కుడి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవలు తెచ్చిన్రు?"

"పేరు వద్దమ్మా. తెమ్మన్నది నేను."

"ఎన్ని మార్కులిచ్చిన్రు?"

"పదికి పది. పైన రెండు."

విప్పారిన మొహం నా కళ్ళ ముందే ముడుచుకుపోయింది. నాకు వచ్చిన శిక్ష ఏదైనా ఉంటే అదే. చేతులు కొంగుకు తుడుచుకుని మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదుపుతూ, ఒక్కో గడీ. ఐదో వరుస దగ్గర ఆగింది.

"గీ ఏడు వర్షాభావమని రాసిన్రేంది? గా ఏడు మా క్వార్టర్లల్లకు మోకాళ్ళ దాక నీళ్ళొచ్చినయి గద మేడం."

"తప్పు రాశాను. ఏడు చోట్లా తప్పే. పెన్ను తెచ్చుకున్నాను. నీ ముందే కొట్టేసి, నేను పీకించాను అని రాస్తాను."

"కొట్టేయకుండ్రి. ఉండనియ్యుండ్రి. మీరు రాసిందే గద అది."

పెన్ను సంచిలో పెట్టేసుకున్నాను. "క్షమించమని అడగడానికి వచ్చానమ్మా" అన్నాను.

"గది తర్వాత సూద్దాం మేడం." గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. "మీ తాన ఎన్ని పూసినయి గీ ఏడు?"

"పద్నాలుగు."

"నాయి ఇరవై ఆరు. మృగశిర కార్తెకు గుట్ట కాడికి రాండ్రి. మీ గడ్డలు సగం, నాయి సగం. గడ్డపార నేను తెస్త. గప్పుడు పిల్లలు తొవ్విన్రు, మీరు లెక్క వెట్టిన్రు. గీసారి మీరు తొవ్వుండ్రి. లెక్క నేను పెడ్త."

పక్కామె నవ్వింది. "ముసలామెతోని తొవ్విస్తవా?"

"ముసలామె గాదు. మేడం" అంది స్వరూప. రిజిస్టర్ మూసి, టిఫిన్ డబ్బా పెట్టుకున్న సంచిలో అడుగున పెట్టుకుంది. తిరిగిస్తానని అనలేదు. అడిగే హక్కు నాకు లేదు. బండ మీద ఇంకో గీత పెట్టి పనిలో పడింది.

కొత్తగా చేరినవాళ్ళు సలహా అడిగారు. నా దగ్గర ఉన్నదిదే. మీరు గోడకు అంటించే జాబితాలు పిల్లలు నిజంగానే చదువుతారు, చెప్పినట్టే చేస్తారు. రాసిన పేజీని అడ్డంగా కూడా చదవండి. వెనక బెంచీ పిల్ల ఎదురు చెప్తే, క్లాసు నవ్వేలోపు ఒక్కసారి గుట్టకు పోయి చూసి రండి.

ఈరోజు ఏప్రిల్ ఏడు. పద్నాలుగు కాడల్లో తొమ్మిది వాడిపోయాయి. రెండింటికి కాయలు పట్టాయి. తోటలోంచి వచ్చి రాసుకుందామని అలవాటుగా అలమార తెరిచాను. రిజిస్టర్ అక్కడ లేదు. ఎక్కడ రాయాలో తెలియక ఇక్కడ రాశాను.